గోదావరీతీరసింహము : అహంప్రత్యయమునకుఁ గావ్యమెట్లు హేతువగును?

"నేను" అను మాటను లోకమున నెల్లవారును దినమునకు నూఱుమాఱులు పలుకుచుందురు. దాని యర్థ మేమని యడిగినచో వైయాకరణుఁడొక సమాధానము చెప్పును, నైయాయికుఁడు వేఱొకటి చెప్పును, వేదాంతి యాఱెంటిని నిరాకరించి మూఁడవది చెప్పును. ఇరువదవ శతాబ్దియందు ఐరోపాఖండమునఁ బ్రబలిన మనోవిశ్లేషణశాస్త్రము నాల్గవ సమాధానము నొకదానిని ముందుంచినది. అహంప్రత్యయము జన్మతో వచ్చిన సొత్తు కాదనియు, పరుల చూపువలనను పరుల మాటవలనను శిశువునందు మెల్లమెల్లగాఁ గూర్పఁబడునదనియు నా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ మాట నిజమైనచోఁ గావ్యమునకుఁ గ్రొత్త భారమొకటి వచ్చిపడును. ముందే సిద్ధమైయున్న మనుష్యునకుఁ గావ్యము వినోదమా, లేక మనుష్యుని సిద్ధము చేయు సామగ్రిలో నదియు నొక భాగమా? మొదటిది యైనచో కావ్యపాఠమును మానినను లోపము లేదు. రెండవది యైనచో బాలునకు నేది చదివించుట, ఎట్లు చదివించుట యనునది యతని స్వరూపమును గూర్చిన ప్రశ్నయే యగును. కాఁబట్టి యీ విషయము విమర్శింపఁదగియున్నది.

ఈ శాస్త్రమునకు మూలపురుషుఁడు సిగ్మండు ఫ్రాయిడు (1856–1939). ఇతఁడు వియన్నానగరమున వైద్యుఁడై, రోగుల మాటలను వినుటయే చికిత్సగాఁ జేసికొన్నవాఁడు. 1899 సంవత్సరాంతమున వెలువడి, ముఖపత్రమున 1900 అను నంకెను ధరించిన స్వప్నవ్యాఖ్యానగ్రంథమున నితఁడు ప్రతిపాదించిన దిది: మనుష్యుఁ డెఱుఁగని కోరికలు చిత్తమందడఁగియుండి స్వప్నములందును, వ్యాధిలక్షణములందును మాఱువేషమున వెలువడుచుండును. ఆ యడఁగిన భాగమును అవ్యక్తచిత్తమని వ్యవహరింపవచ్చును. ఆ గ్రంథమందే సోఫోక్లీసు రచించిన ఈడిపసు నాటకమును, షేక్స్పియరు రచించిన హామ్లెట్టు నాటకమును ఉదాహరణములుగా వచ్చినవి. తెలియక తండ్రిని జంపి తల్లిని బెండ్లాడిన రాజుకథ ప్రేక్షకులను నేఁటికిని గలఁచుటకుఁ గారణము, అట్టి కోరిక శైశవమున నెల్లరకుఁ గలిగి యణఁగిపోయినదగుటయే యని ఫ్రాయిడు వాదము. హామ్లెట్టు ప్రతీకారమునకు జాగుసేయుటకును ఇదియే హేతువని యతఁడు సూచింపఁగా, అతని యనుచరుఁడైన ఎర్నెస్టు జోన్సు దానిని 1910లో వ్యాసముగాను, 1949లో గ్రంథముగాను విస్తరించెను.

కవినిగూర్చి ఫ్రాయిడు నేరుగాఁ జెప్పినది 1907లో వియన్నాయందు చేసిన యుపన్యాసమున. అది 1908లో ముద్రితమైనది. ఆడుకొను బాలుఁడును, పగటికలలు గను యువకుఁడును, కథలల్లు కవియు నొకే త్రోవను బోవువారని దాని సారము. బాలుఁ డాటలో దన యిచ్చవచ్చిన లోకమును గట్టుకొనును. పెద్దవాఁ డాట మానవలసివచ్చినపుడు మనోరాజ్యమును గట్టుకొని సిగ్గుచే దాఁచుకొనును. కవి దానినే యితరులకుఁ బ్రియమగునట్లు దిద్ది బయలుపఱచును. ఏ యాపదయందును జావని కథానాయకుఁడు రచయితయొక్క అహంకారమే యని ఫ్రాయిడు నిశ్చయము.

ఈ మతమునఁ గావ్యము కార్యము, అహంకారము కారణము. పొగను జూచి నిప్పు నూహించునట్లు కావ్యమును జూచి కవి కోరికను ఊహించుటయే విమర్శకుని పనియగును. ఆలంకారికుల కిది క్రొత్త పూర్వపక్షము కాదు. రసము కవియందున్నదా, నాయకునియందున్నదా, నటునియందున్నదా, సామాజికునియందున్నదా యని భరతసూత్రవ్యాఖ్యాతలు తరతరములుగా విచారించిరి. కవికిఁ గలిగిన శోకము శోకమేకాని కరుణరసము గాదు. కవి చిత్తవృత్తిని గనుఁగొనుటవలనఁ గవిచరిత్ర తెలియునేమోకాని కావ్యము తెలియదు. మఱియు ఫ్రాయిడుమతమున నొక స్వవచోవిరోధము గూడఁ గానవచ్చుచున్నది. కావ్యము కోరికకుఁ గేవలము కార్యమే యైనచో, ఆ కోరికకుఁ బేరు పెట్టుటకు ఫ్రాయిడు సోఫోక్లీసునొద్దకుఁ బోవలసిన పనియేమి? తాను రోగులయందుఁ జూచినదానికి రూపమును, నామమును నాటకమే యిచ్చినది. అనఁగా శాస్త్రకారుఁడు సైతము తన్నుఁ దానెఱుఁగుటకు కావ్యముఖమున నడవవలసివచ్చినది. కావ్యము హేతుకోటియందును జేరవలసియున్నదనుట కిదియే తొలి గమకము.

ఫ్రాయిడు గ్రంథములయందే దీనికి మఱియొక సాక్ష్యము గలదు. 1920లో వెలువడిన గ్రంథమున నతఁడు తన దౌహిత్రుని యాట నొకదానిని వర్ణించెను. బాలుని వయస్సు సంవత్సరమున్నర. దారము గట్టిన కొయ్యకండెను మంచముమాటునకు విసరి దీర్ఘమైన ఓకారమును బలికెడువాఁడు. దారమును లాగి కండెను మరల జూచి "డా" యని సంతసించెడివాఁడు. మొదటిది "పోయినది" యను జర్మనుమాటకు శిశూచ్చారణమనియు, రెండవది "ఇదిగో" యను నర్థముగలదనియు ఫ్రాయిడు గ్రహించెను. తల్లి వెలికిఁబోయినపుడు బాలుఁడు ఏడ్వక యీ యాటతోఁ గాలము గడపెడువాఁడఁట. అదే బాలుఁడు నిలువుటద్దము ముందు గూర్చుండి లేచుచు దన ప్రతిబింబమును గూడఁ బోఁగొట్టుకొనుచు రప్పించుకొనుచు నుండెనని యచ్చటనే యొక యధోజ్ఞాపిక గలదు. చిన్న యాటయే కాని యిందు మూఁడు విషయము లిమిడియున్నవి: తల్లి లేమి, రెండు శబ్దములు, తన బింబము. లేనిదానిని శబ్దముతోఁ బట్టుకొనుట యెపుడు తెలిసినదో యపుడే బాలునకుఁ దన్నుగూర్చిన యెఱుకయు మొదలిడినది.

ఈ యాటను, ఆ యద్దమును రెంటిని గైకొని క్రొత్త సిద్ధాంతమును నిర్మించినవాఁడు పారిసునగరమున వైద్యుఁడైన జాకు లకాను (1901–1981). 1936లో మరియన్బాదునందు జరిగిన సభలో దర్పణావస్థయను వాదమును దొలిసారి ప్రకటించి, 1949లో జూరికు సభయందు దానిని బెంపుచేసెను. ఆఱవ నెల మొదలు పదునెనిమిదవ నెలవఱకుఁ గల శిశువునకుఁ దన యవయవములమీఁదనే యధికారము చాలదు. అట్టి శిశువు అద్దమందుఁ గనఁబడు పూర్ణాకృతిని జూచి యది తానే యని యుప్పొంగును. లోపలఁ జెదరియున్నవాఁడు వెలుపలి బింబమును దానుగాఁ గైకొనును. కావున అహంప్రత్యయము మొదటినుండియు నొక యధ్యాసమే, అనఁగా నొకదాని నింకొకదానిగా గ్రహించుటయే యని లకాను మతము. శంకరభగవత్పాదుల యధ్యాసవిచారమును జదివినవారికి నీ మాట వినినదివలెనే తోఁచును. కాని భేదము గలదు. వేదాంతమున నధ్యాసము తొలఁగిన పిమ్మట మిగులు నాత్మ యొకటి గలదు. లకాను మతమున నట్టిది మిగులదు.

దర్పణవాదము నన్వయవ్యతిరేకములతో శోధించినచో నిలువదు. పుట్టుగ్రుడ్డివారు అద్దము నెఱుఁగరు. ఐనను వారు "నేను" అనియే వ్యవహరింతురు. కారణము లేనిచోటఁ గార్యము గనఁబడినపుడు కారణత్వము భంగమగును. అట్టి బాలురయందు ఉత్తమపురుషప్రయోగము కొంత యాలస్యముగా నేర్పడునని సెల్మా ఫ్రైబర్గు 1977లోఁ బ్రకటించిన పరిశీలనము చెప్పుచున్నది. కావునఁ జూపు సహకారి గావచ్చును, నియతకారణము గాదు. మఱియు ముఖమున మచ్చనుంచి శిశువు నద్దము ముందు నిలిపి చేసిన పరీక్షలలో, బింబము తనదే యని శిశువులు సాధారణముగా గుర్తించునది పదునెనిమిదవ నెల తరువాతనే కాని యాఱవ నెలయందుఁ గాదు. చింపాంజీ యద్దమునందు వెంటనే యాసక్తి గోల్పోవునని లకాను తలఁచెను. 1970లో గాలప్పు చేసిన పరీక్షయందుఁ జింపాంజీలును దమ్ముఁ దాము గుర్తించినవి. ఇట్లు దర్పణము దృష్టాంతముగా రమణీయమైనను హేతువుగా దుర్బలము.

దర్పణము తొలఁగినను వాదమంతయుఁ దొలఁగిపోదు. గ్రుడ్డివానికి సైతము లోపింపనిది మాట. చెవిటివారికిని సంజ్ఞారూపమైన భాష గలదు. లకానుగూడఁ గ్రమముగా దర్పణమునుండి భాషవైపునకే నడచెను. అవ్యక్తచిత్తము భాషవంటి కట్టడము గలదని యతని ప్రసిద్ధసిద్ధాంతము. దీని కతఁడు ఊఁతగాఁ గొన్నది జెనీవాయందు సంస్కృతము బోధించిన ఫెర్డినాండు సొస్యూరు భాషాశాస్త్రము. సొస్యూరు పట్టమునకై వ్రాసిన ప్రబంధము సంస్కృతమున షష్ఠి భావార్థమునఁ బ్రయోగింపఁబడుటను గూర్చినది. పాణినీయప్రపంచమునకును పారిసు వైద్యశాలకును నడుమ నిట్టి సన్నని త్రోవ యొకటి యున్నది. శబ్దానువేధము లేని జ్ఞానము లోకమున లేదని వాక్యపదీయమున భర్తృహరి యేనాఁడో నిశ్చయించెను. జ్ఞానమంతయు శబ్దానుగతమైనపుడు "నేను" అను జ్ఞానము మాత్రము దానికి వెలియెట్లగును?

ఇచట వ్యాకరణమర్యాద యొకటి స్మరింపఁదగును. లోకమున ఘటశబ్దమునకు ఘట మర్థము. అస్మచ్ఛబ్దమున కట్టి నియతవస్తువు లేదు. ఎవఁడు పలికిన వాఁడే దాని యర్థము. అస్మచ్ఛబ్దము నోటఁబలుకకున్నను, దాని యర్థము విభక్తిప్రత్యయముతో సమానాధికరణమైనచో నుత్తమపురుషము వచ్చునని పాణిని విధించెను. అనఁగా "నేను" అని పలుకకయే "వచ్చితిని" అను క్రియయం దహమర్థ మడఁగియుండును. మఱియుఁ దిఙ్ప్రత్యయముల పాఠమునఁ బ్రథమపురుషము ముందు, మధ్యమ మటుపిమ్మట, ఉత్తమము తుద. ఇక్కడి యుత్తమశబ్దమునకుఁ గడపటిది యనియే యర్థము. ప్రాతిశాఖ్యములందు వర్గాంతానునాసికములను ఉత్తమములనుట యిట్టిదే. శిశువునందును గ్రమ మించుమించుగా నిట్లే యుండును. ఇంటివారు "బాబు పాలు త్రాగినాఁడు" అని వానిని ప్రథమపురుషమున ముచ్చటింతురు, "నీవు రమ్ము" అని మధ్యమమునఁ బిలుతురు. వాఁడును జాలకాలము తన్ను బేరుతోనే చెప్పుకొని, తుదకు "నేను" అనుట నేర్చును. ఈ సామ్యము ప్రమాణము గాదు, దృష్టాంతమాత్రము. కాని యిందలి విషయము సత్యము: పరులచే జెప్పఁబడినవాఁడై, పిలువఁబడినవాఁడై, పిమ్మటనే మనుష్యుఁడు పలుకువాఁడగును.

ఈ విచారమునకుఁ గేంద్రమైన యంశ మిఁక వచ్చుచున్నది. 1953 సెప్టెంబరున రోమునగరమందు లకాను తన మతమునకు మూలస్తంభమైన ప్రసంగము నొకదానిని సమర్పించెను. అది 1966లో వెలువడిన యతని గ్రంథసంపుటమునఁ జేరినది. రోగి మాటలకు వైద్యుఁడు చెప్పు వ్యాఖ్య యెట్లుండవలెనని విచారించుచు నతఁడు భారతీయుల ధ్వనివాదమును బేర్కొనెను. చెప్పనిదానిని వినిపించునట్టి శక్తి వాక్కునకుఁ గలదని యభినవగుప్తుఁడు బోధించెనని చెప్పి, 1950లో కాశియందుఁ బ్రకటితమైన కాంతిచంద్రపాండేయుని గ్రంథము నాధారముగాఁ జూపెను. ఉదాహరణముగా నొక చిన్నకథను జెప్పెను. ఒక పడుచు నదియొడ్డునఁ బ్రియునికై వేచియుండఁగా బ్రాహ్మణుఁ డొకఁడు అటు వచ్చుచుండెను. ఆమె యతనితో మిక్కిలి ప్రియముగా, నేఁడు మీ యదృష్టము పండినది, మిమ్ము బెదరించు కుక్కను ఇచ్చట దిరుగు సింహము తినివేసినదని చెప్పినది.

పండితులకు దీనిని బరిచయము చేయఁబనిలేదు. ధ్వన్యాలోకప్రథమోద్ద్యోతమున, వాచ్యము విధిరూపమై వ్యంగ్యము నిషేధరూపమగుటకు ఆనందవర్ధనుఁ డిచ్చిన మొదటి యుదాహరణమే యిది. ఆ ప్రాకృతగాథ శాతవాహనుఁడైన హాలుని పేరఁ బ్రసిద్ధమైన సప్తశతిలోనిది. లకాను నదిపేరు చెప్పలేదు. గాథలో నది యున్నది; అది గోలా, అనఁగా గోదావరి. గోదావరియొడ్డు పొదరింట నుదయించిన యొక నాయికోక్తి, కాశ్మీరదేశమున ధ్వనిశాస్త్రమునకు లక్ష్యమై, వేయేండ్లు దాఁటి, రోమునగరమున మనోవైద్యులసభలో వినఁబడినది. ఆంధ్రదేశీయులకు సంతోషకరమైన వృత్తాంతమే. ఐనను సంతోషముతో నాఁగక, లకాను దీనిని సరిగాఁ గ్రహించెనా యని పరీక్షించుటయే పండితధర్మము.

అతఁడు గ్రహించిన భాగము మెచ్చఁదగినది. అచ్చట లేని సింహము, వచ్చి దుమికిన సింహముకంటెఁ దక్కువ పని చేయదని యతఁడనెను. మన యాలంకారికులలో నీ గాథనుగూర్చి జరిగిన వాదము దీనిని మఱింత లోఁతుగాఁ జూపును. వ్యంజనావృత్తి యక్కఱలేదు, నిషేధ మనుమానముననే తెలియునని మహిమభట్టు వాదించెను: పిఱికివాఁడు తిరుగుటకు భయకారణము లేమి యావశ్యకము, ఒడ్డున సింహము గలదు, కావునఁ దిరుగరాదు. దీనికిఁ గావ్యప్రకాశపంచమోల్లాసమున మమ్మటుఁ డుత్తరము చెప్పెను. పిఱికివాఁడైనను గురునాజ్ఞవలననో ప్రియానురాగమువలననో భయస్థలమునకుఁ బోవచ్చును గనుక హేతువు వ్యభిచరించును. కుక్కకు జంకియు సింహమునకు జంకనివాఁడు నుండవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, సింహ మున్నదనుటయే ప్రత్యక్షముచేఁగాని యనుమానముచేఁగాని తేలినది కాదు. ఆమె మాటవలనఁ దేలినది, ఆమె మాట ప్రమాణమనుటకు నియమము లేదు. కాఁబట్టి హేతువే యసిద్ధము. హేతు వసిద్ధమైనను ఫలము మాత్రము సిద్ధించినది. ప్రమాణము గాని మాట పనిచేయుటయే యిందలి విశేషము. అవ్యక్తచిత్తమున మాట చేయు పని యిట్టిదే యని లకాను గుర్తించుట యతని సూక్ష్మబుద్ధికిఁ దార్కాణము.

లకాను విడిచిన భాగమును గలదు. ఈ గాథను వినువారు ఇద్దఱు. ఒకఁడు ధార్మికుఁడు. అతనికిఁ జేరినది సింహమును, దానివలని భయమును. ఆమె సంకేతస్థలమును గాపాడుకొనుచున్నదని యతనికిఁ దెలియదు. అతఁడు మాటచే నడపఁబడెను గాని మాట నెఱుఁగలేదు. రెండవవాఁడు సహృదయుఁడు. అతఁడు వక్త్రియెవరో, బోద్ధవ్యుఁడెవఁడో, స్థలమెట్టిదో గమనించి, చెప్పినదానిని చెప్పనిదానిని రెంటిని నొక్కసారి గ్రహించును. అతఁడు భయపడఁడు, ఆనందించును. లకాను ధ్వనిని బలుకువాని చేతి యుపాయముగాఁ జూచెను: వైద్యుఁడు ధ్వనిగర్భముగాఁ బలికిన రోగి మాఱునని. మన శాస్త్రమున ధ్వని సహృదయునియందుఁ బర్యవసించును. ఈ భేదము చిన్నది గాదు.

దీనినుండియే ప్రస్తుతప్రశ్నకు సమాధానము తేలుచున్నది. శైశవమున నెల్లవారును ధార్మికులే. "వీఁడు మొద్దు", "దీనికి నోరెక్కువ", "తాతగారి పోలిక", "మన వంశమున నిట్టిపని చేసినవారు లేరు" అని పెద్దలు పలికిన మాటలు బాలుని చెవిని బడును. ఆ మాటల యభిప్రాయము వానికిఁ దెలియదు. అవి యెవరి కోరికను గాపాడుటకుఁ బలుకఁబడినవో తెలియదు. ఎన్నఁడును జూడని సింహమునకు జంకి వాఁడు కొన్ని త్రోవలను విడుచును, కొన్నిటిని బట్టును. ఆ పట్టువిడుపుల మొత్తమునకే వాఁడు పిమ్మట "నేను" అని పేరిడుకొనును. కావ్యము చేయు నుపకార మిచటనే. అది వానిని గాథలోని ధార్మికుని స్థానమునుండి గాథను వినువాని స్థానమునకు నెక్కించును. మాట యెట్లు భయమును బుట్టించునో, ఎట్లు కోరికను దాఁచునో, ఒకే వాక్య మొకనికి విధియై వేఱొకనికి నిషేధ మెట్లగునో వాఁడు నిరపాయముగాఁ జూడనేర్చును. ఒకచో నేర్చినది తన్ను నడపిన మాటలయందును బనికివచ్చును. కాఁబట్టి లోకవాక్కు అహంప్రత్యయమునకు నిర్మాణహేతువు. కావ్యవాక్కు ఆ నిర్మాణము నెఱిఁగి దిద్దుకొనుటకు హేతువు.

దీనిపై నాక్షేపము గలదు. కావ్యము చదువువాఁడు నాయకుఁడే తానని తలఁచి క్రొత్తభ్రమను దెచ్చికొనును గదా, దీనివలన నధ్యాసము పెరుఁగునే గాని తఱుఁగునా యని. ఈ శంక బలమైనది. ఆంధ్రుఁడైన జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నవ్యుల మతముగాఁ జెప్పినది దాదాపిదియే: కావ్యభావనారూపమైన దోషముచే సామాజికుని యాత్మ కల్పితమైన దుష్యంతత్వముతోఁ గప్పఁబడఁగా, ముత్యపుఁజిప్పయందు వెండివలె శకుంతలావిషయకమైన యనిర్వచనీయరతి పుట్టునని. ఫ్రాయిడు ప్రేక్షకుని నాయకతాదాత్మ్యమునుగూర్చి చెప్పినదానికిని, లకాను బింబగ్రహణమునకును నవ్యుల మతము సమీపబంధువు. పదునేడవ శతాబ్దిలోనే యీ పక్షమును దోషశబ్దముతో స్పష్టముగా నిరూపించినవారు మనకుఁ గలరని పాశ్చాత్యమతాభిమానులు గమనింపవలసియున్నది.

ఐనను అభినవగుప్తుని మతమునఁ దాదాత్మ్యము రసము గాదు. ఇది నాది, ఇది శత్రువుది, ఇది తటస్థునిది యను విశేషము లేవియు నంటక, భావము సాధారణమైనపుడే యాస్వాదము గలుగును. తన సుఖదుఃఖములకు వశుఁడైయుండుటను అతఁడు రసవిఘ్నములలో నొకటిగా లెక్కించెను. తన యింటికథయే రంగమున నడచుచున్నదని యేడ్చువాఁడు కావ్యము వినుచుండలేదు, మరల ధార్మికుఁడైనాఁడు. లకాను గైకొన్న గాథ వస్తుధ్వనికి నుదాహరణము; వస్త్వలంకారధ్వనులు తుదకు రసమునందే విశ్రమించునని లోచనకారుని సిద్ధాంతము. లకాను వస్తుధ్వనికడనే నిలిచి, మాటచేఁ బట్టుపడుటను జూచెను గాని, మాటవలననే పట్టు సడలుటను జాలినంత చూడలేదు. తాదాత్మ్యము బాలపాఠకునియందు మొదటిమెట్టుగాఁ దప్పక యుండును. దానిని దాఁటించుటకుఁ దగిన కట్టడి మంచికావ్యమునందే యుండును. చెడుకావ్యము మొదటిమెట్టుమీఁదనే కూర్చుండఁబెట్టును. ఫ్రాయిడు చెప్పిన మనోరాజ్యలక్షణ మీ రెండవజాతికిఁ జక్కగాఁ బట్టును.

మనోవిశ్లేషణమే ప్రమాణశాస్త్రము గాదను నాక్షేపము వేఱొకటి గలదు. ఏ దృష్టాంతముచేతను భంగింపరాని సిద్ధాంతము విజ్ఞానము గానేరదని కార్లు పాప్పరు 1963లో వెలువరించిన గ్రంథమున దానిని విమర్శించెను. భారతదేశమున నీ శాస్త్రమునకు మూలపురుషుఁడై, 1922లో కలకత్తాయందు భారతీయమనోవిశ్లేషణసమాజమును స్థాపించిన గిరీంద్రశేఖరబోసు సైతము, ఫ్రాయిడుతోఁ జిరకాలము లేఖలు నడపుచునే, ఈడిపసు కోరికవిషయమున నతనితో నేకీభవింపక ప్రతికూలేచ్ఛావాదమును దెచ్చెను. కాఁబట్టి ఫ్రాయిడు చెప్పిన కోరికలపట్టిక యందఱకు సమానమని యొప్పుకొనవలసిన నిర్బంధము లేదు. ఇక్కడి వాదమున కా పట్టిక యవసరము గాదు. పరవాక్కు ముందు, స్వవాక్కు పిమ్మట నను నంతమాత్రమే చాలును. అది ప్రతిగృహమునను బ్రత్యక్షము.

లోకవాక్కే యహంకారమును నిర్మించుచుండఁగా, దిద్దుటకును అదియే చాలదా, కావ్యమేల యను శంకకు సమాధానము సులభము. లోకమున మాట యర్థము నందించి తాను మఱుఁగుపడును. నీళ్లు దెమ్మన్నపుడు నీళ్లే కావలెను, మాట యక్కఱలేదు. కావ్యమున శబ్దమును మార్చిన నర్థమును జెడును గనుక శబ్దము మఱుఁగుపడదు. తాను పనిచేయుచున్నట్లు కనఁబడుచుఁ బనిచేయు మాట కావ్యమందే కలదు. వైద్యుని గదిలో రోగి మాటయు నట్లు కనఁబడవచ్చును. కాని యది రోగము వచ్చిన పిమ్మటిది, ఒక్కనికే చెల్లునది. కావ్యము రోగమునకు ముందే, ఎల్లవారికి నందుబాటైనది.

రోముప్రసంగమును లకాను బృహదారణ్యకోపనిషత్కథతో ముగించెను. దేవతలు, మనుష్యులు, అసురులు బ్రహ్మచర్యము ముగించి ప్రజాపతి నుపదేశ మడిగిరి. అతఁ డందఱకును "ద" యను నొకే యక్షరమును బలికెను. దేవతలు దమించుకొనుఁడని, మనుష్యులు దానము చేయుఁడని, అసురులు దయఁజూపుఁడని గ్రహించిరి. ధాతువులు మూఁడు: దము, దా, దయ. అక్షర మొక్కటి. ఇదే కథను 1922లో ఎలియటు తన కావ్యమునఁ గ్రమము మార్చి వాడుకొనెను. వినువాని లోపమే యర్థమును బూరించినదని లకాను ప్రయోజనము, అది యుక్తమే. ఐనను ఉపనిషత్తు మఱియొకటిఁ జెప్పినది. ప్రజాపతి "తెలిసినదా" యని ప్రతివర్గమును మరల నడిగెను. వారు తమకుఁ దెలిసినదానిని జెప్పఁగా "ఔను, తెలిసినది" యని యంగీకరించెను. అర్థము శిష్యునిది, పరీక్ష యాచార్యునిది. శంకరభాష్యమున, దేవాసురులు మనుష్యులలోని భేదములే యనియు, మూఁడుపదేశములును మనుష్యునికే యనియు నిర్ణయింపఁబడినది. ఒకే మనుష్యుఁడు ఒకే యక్షరమును మూఁడువిధముల వినఁగలవాఁడు గావలెనని దీని ఫలితార్థము.

విద్యాశాలలలో కావ్యపాఠము చెప్పువారికి దీనివలనఁ గలుగు కర్తవ్య మొకటి గలదు. ప్రతిపదార్థమును, తాత్పర్యమును దామే చెప్పి బాలునిచే వల్లెవేయించినచో, సింహ మున్నదని చెప్పి ధార్మికుని మరలించినట్లే యగును. బాలుఁడు భయముతో నొప్పఁజెప్పును. మాట తన్నేమి చేయుచున్నదో యెఱుఁగఁడు. పద్యమును గంఠస్థము చేయించుట యావశ్యకమే. శబ్దము లోపల నిలువనిది యెన్నఁడు నర్థము మేల్కొనదు. అటుపిమ్మట, ఎవరు పలికిరి, ఎవరితోఁ బలికిరి, ఏది పలుకకుండిరి యని యడిగి, "తెలిసినదా" యని వేచియుండుటయే యాచార్యకము. కుక్క చచ్చినదను మాటవెనుక నొక పొదరిల్లు గలదని తానుగాఁ గనుఁగొన్న బాలుఁడు, రేపు తన్ను బెదరించు మాటలవెనుకను జూడఁగలఁడు. అట్టివాఁడు "నేను" అన్నపు డా మాట కొంతయైనను వానిదియే యగును.